పండరి గీసిన రెండో గోరి

మట్టెవాడలో పండరి ఇల్లెక్కడ అని అడిగితే ఏ పండరి అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ పేటలో పండరులకు కొదవ లేదు. గ్రాఫు పండరి అని చెబితే మాత్రం కిరాణా కొట్టు ముందు కూర్చున్నవాళ్లు లేచి మరీ సందు చూపిస్తారు. చూపించి ఊరుకోరు. "ఇంట్ల సగమే ఉంటడు, మిగిలిన సగం తిప్పి సూస్కో" అని ఒక నవ్వు కూడా కలిపి పంపిస్తారు. ఆ నవ్వు ఎక్కడిదో తెలియాలంటే అతని పని గురించి కొంత తెలియాలి.

పండరి తండ్రి నర్సింగం కొత్తవాడలో నేల మీద పరిచే దర్రీలు నేసేవాడు. కొడుకును కూడా మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు గానీ, పిల్లవాడి చూపు నూలు మీద నిలిచేది కాదు. ఎదురుగా వేలాడే, డిజైను గీసిన గ్రాఫు కాగితం మీదే ఉండేది. నేత మధ్యలో ఆపి, ఈ చిలుక ముక్కు ఇట్లెందుకున్నది, ఒక గడి తగ్గిస్తే మంచిగుండు కదా అని పేచీ పెట్టేవాడు. చెప్పీ చెప్పీ విసిగిపోయిన నర్సింగం చివరికి పెన్సిలు చేతికిచ్చాడు. అప్పటి నుంచి ఆ పెన్సిలు పండరి చెవి మీద నుంచి దిగలేదు. పెళ్లి ఫొటోలో కూడా ఉంది, బాసికం పక్కనే.

దర్రీకి గ్రాఫు గీయడంలో ఒక పద్ధతి ఉంది. రెండు పక్కలా రెండు నెమళ్లు ఎదురెదురుగా ఉండాలంటే రెండు నెమళ్లు గీయరు. కాగితం నడుమ ఒక ఎర్ర గీత గీసి, దానికి ఒక పక్కన మాత్రమే నెమలిని వేస్తారు. రెండో పక్క గళ్లన్నీ ఖాళీగా వదిలేస్తారు. నేసేవాడు గడికి గడి చదువుకుంటూ ఎర్ర గీత దాకా వస్తాడు, అక్కణ్నుంచి అవే గళ్లను వెనక్కి చదువుకుంటూ పోతాడు. అటు పక్క రెండో నెమలి దానంతట అదే దిగుతుంది. కాగితం మిగిలింది, కళ్లు మిగిలాయి. ఆ లోకంలో ఖాళీ సగమంటే ఏమీ లేదని అర్థం కాదు, ఇటున్నదే అటు తిప్పి వేసుకొమ్మని అర్థం. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. అన్నం కుడిచేత్తో తినాలని నేర్చుకున్నట్టే నేర్చుకుంటారు.

పండరి చెయ్యి తిరిగిన మనిషి. అతను గీసిన పువ్వు నేస్తే మగ్గం మీదే విచ్చుకుంటుందని కొత్తవాడ వాళ్లు అనేవారు. కానీ కాలం ఎవరి పెన్సిలు కోసమూ ఆగదు. డిజైన్లు ఫోన్లలో రావడం మొదలైంది. నేసేవాళ్లే తగ్గిపోయారు, ఇక గీసేవాడితో ఎవరికి పని? యాభై దాటిన పండరి పొద్దున లేచి, పెన్సిలు చెక్కి, చెవిన పెట్టుకుని, గీయడానికేమీ లేక గడప మీద కూర్చునేవాడు. అతనికి లోపల చాలా అవమానంగా ఉండేది. భార్య అది గమనించి ఊరుకునే రకం కాదు. "ఇల్లు గూడ సగం ఊడ్సి ఇడిసిపెట్టిన, మిగిలిన సగం నువ్వు తిప్పుకో" అని చీపురు చేతికిచ్చేది.

అలాంటి రోజుల్లో అన్న కూతురు సునీత వచ్చింది. ఆ పిల్ల పురావస్తు శాస్త్రం చదివింది. పాత కుండపెంకులు, ఎముకలు, తుప్పు పట్టిన కొడవళ్లు, ఇవే ఆమె చదువు. ఇంట్లో వాళ్లు ఇది కూడా ఒక చదువేనా అని నవ్వినా, ఆమె దాన్ని వదల్లేదు. ఇప్పుడు హనుమకొండలో ఒక జిరాక్సు దుకాణం పైగదిలో ఇద్దరు ముగ్గురు కలిసి బడి పిల్లల కోసం పాఠాలు తయారు చేస్తున్నారు. పుస్తకం పాఠాలు కావు. లింకు నొక్కితే ఫోన్లోనో బడిలో గోడకు బిగించిన పెద్ద తెర మీదో తెరుచుకునే బొమ్మలు. వేలితో లాగితే మట్టి పొర పక్కకు పోతుంది, కింద ఇంకో పొర, దాని కింద కుండ. ఆ కుండను వేలితోనే తిప్పి చూడొచ్చు. ఆకు మీద నొక్కితే లోపల నీళ్లు ఎక్కడం కనిపిస్తుంది. కంప్యూటరు పని తెలిసిన శ్యాంసుందర్ అనే కుర్రాడు వాళ్ల దగ్గర ఉన్నాడు గానీ, చేత్తో బొమ్మ గీసే మనిషి లేడు.

"చిన్నాయన, నువ్వు కాయితం మీద గియ్యి సాలు. దాన్ని కదిలిచ్చుడు శ్యాంసుందర్ సూస్కుంటడు" అంది సునీత.

"నాకు కంప్యూటర్ రాదు బిడ్డా."

"కంప్యూటర్‌కు గియ్యరాదు. ఇద్దరికి ఇద్దరు సరిపోతరు."

పండరి మొదట సీతాకోకచిలుక గీశాడు. అలవాటు ప్రకారం ఒక రెక్కే గీశాడు. శ్యాంసుందర్ దాన్ని తెర మీద తిప్పి రెండో రెక్క చేశాడు. బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత మందారాకు, దాని తర్వాత కోట తోరణం. తోరణం కూడా సగమే గీశాడు, మిగతా సగం తిప్పితే సరిపోయింది. "అంకుల్, మీరు సగం పనికి మొత్తం పేరు కొట్టేత్తాండ్లు" అని శ్యాంసుందర్ నవ్వేవాడు. బడులలో పిల్లలు ఆ బొమ్మల మీద వేళ్లు పెట్టి లాగుతుంటే సునీత వీడియో తీసి పంపేది. పండరి దాన్ని మట్టెవాడ మొత్తానికి చూపించాడు. చూడనివాళ్లను పట్టుకుని మరీ చూపించాడు. గడప మీద కూర్చోవడం మానేశాడు. ఆ మనిషి మళ్లీ మనిషయ్యాడని చెప్పాలి.

చలికాలంలో సునీత ఒక కాగితం తెచ్చింది. ధర్మసాగర్ అవతల ఒక చిన్న ఊరి చివర రాకాసి గుళ్లున్నాయి. రాకాసి గుళ్లంటే వేల ఏళ్ల నాటి సమాధులు. పెద్ద పెద్ద బండరాళ్లు గుండ్రంగా పాతి, లోపల మనిషిని పూడ్చి, కుండలు పెట్టి, పైన బండ కప్పేవారు. అంత పెద్ద రాళ్లు మనుషులు మోయలేరు గనుక రాకాసులు మోసి ఉంటారని ఊళ్లలో ఆ పేరు పెట్టుకున్నారు. సునీత వాళ్లు అక్కడ ఒక రాళ్ల గుండ్రాన్ని తవ్వారు. ఒక ఆడమనిషి ఎముకలు, తల దగ్గర కుండలు, చేతి పక్కన ఇనుప కొడవలి దొరికాయి. ఆ తవ్వకం మొత్తం గడి గడిగా గీసిన కాగితం అది.

పండరికి ఆ కాగితం చూడగానే ప్రాణం లేచి వచ్చింది. గ్రాఫు కాగితం. మనుషుల చావు కూడా గళ్లలోనే గీస్తారన్నమాట అనుకున్నాడు. నడుమ ఒక గీత ఉంది. గీతకు ఒక పక్క సగం గుండ్రం రాళ్లు, గోరి, కుండలు, కొడవలి అన్నీ ఉన్నాయి. రెండో పక్క ఖాళీ.

ఆ నడుమ గీత ఒక గెట్టు. గెట్టుకు ఇవతల సర్కారు కంచె భూమి, అవతల ఒకామె పట్టా జాగ. సునీత వాళ్లు సర్కారు జాగలోనే తవ్వారు. అవతలి వైపు తవ్వలేదు గనుక కాగితంలో అది ఖాళీగా ఉంది. అటు వైపు రాళ్లను ఎప్పుడో ఎవరో పెరికి గోడలకు వాడుకున్నారు. ఈ సంగతి సునీతకు ఎంత మామూలు విషయమంటే, చెప్పాలని కూడా ఆమెకు తోచలేదు. పండరికి తన సంగతి ఎంత మామూలంటే, అడగాలని అతనికి తోచలేదు. అనర్థాలన్నీ ఇలాగే పుడతాయి, ఎవరికీ తెలియనిదాంట్లోంచి కాదు, అందరికీ తెలుసు అనుకున్నదాంట్లోంచి.

ఇచ్చిన మర్నాడే సునీతకు డెంగీ జ్వరం వచ్చి దవాఖానలో చేరింది. పండరి మాత్రం కాగితం ముందు కూర్చున్నాడు. అంత శ్రద్ధగా అతను ఏ నెమలినీ గీయలేదు. కుండ అంచు ఒక చోట విరిగి ఉంటే ఆ విరుగు కూడా గీశాడు. పైన కప్పిన బండకు అడ్డంగా ఒక పగులుంటే పగులూ గీశాడు. నడుమ గీత దాకా గీసి శ్యాంసుందర్‌కు ఇచ్చాడు. "అటు తిప్పు" అన్నాడు. శ్యాంసుందర్ తిప్పాడు. రాళ్ల గుండ్రం నిండింది. ఒక గోరి రెండు గోరీలైంది. తెర మీద వేలితో మట్టి లాగుతుంటే ఇద్దరు ఆడవాళ్లు, గెట్టుకు అటొకరు ఇటొకరు, ఒకరి వైపు ఒకరు తిరిగి పడుకున్నట్టు బయటపడేవారు. చూడ్డానికి చాలా బాగుంది. సునీత చూడకుండానే లింకు బడులకు వెళ్లిపోయింది.

ఆ ఊరి బడికీ వెళ్లింది. పంతులమ్మ నిర్మల పెద్ద తెర మీద దాన్ని తెరిచి, ఇది మన ఊరి పాఠమే అని చెబితే పిల్లలు ఎగబడి లాగారు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. గెట్టు అవతల కట్టమ్మ జాగలో ఇంకో గోరి ఉందట.

కట్టమ్మ పత్తి చేన్లలో కూలికి పోయే మనిషి. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే కూతురు, అల్లుడికి డోర్నకల్‌లో రైల్వే పని, అక్కడే కాపురం. కిందటి వానాకాలం కట్టమ్మ మట్టి ఇల్లు కూలింది. అప్పటి నుంచి తాడపత్రి కప్పుకున్న గుడిసెలో ఉంటోంది. కూతురు రమ్మన్నా పోలేదు. ఎన్నో ఆఫీసులు తిరిగితే సర్కారు ఇల్లు మంజూరైంది. కట్టుకోవడానికి ఆమెకున్న జాగల్లా గెట్టు పక్కనున్న ఆ ముక్కే. ముగ్గు పోసి పునాది మొదలు పెట్టకపోతే ఇల్లు జాబితాలో తర్వాతివాళ్లకు పోతుంది. మొదలు పెడదామంటే మేస్త్రీ వెంకట్రాజం గడ్డపార కింద పెట్టేశాడు.

"కట్టమ్మ చెల్లె, ఏమనుకోకు. పీనుగు మీద పునాది తియ్య. నాకు పిల్లలున్నరు" అన్నాడు.

మేస్త్రీ రానన్నచోటికి కూలీలు వస్తారా? జేసీబీ డ్రైవరు కూడా పని ఉందని తప్పించుకున్నాడు. పక్క ఊరి మేస్త్రీకి కబురు పెడితే, వాడికి ఈ సంగతి అప్పటికే ఫోన్లో లింకుతో సహా చేరిపోయింది.

నిర్మల ఫోన్ చేసేసరికి సునీత దవాఖాన నుంచి వచ్చి ఇంకా నీరసంగానే ఉంది. పాఠం తెరిచి చూసింది. చూసి, పండరిని పైగదికి పిలిపించింది.

"చిన్నాయన, ఈ రెండో గోరి యాడిది?"

"అదే గోరి బిడ్డా. అటు తిప్పిన."

"ఎందుకు తిప్పినవు?"

"నువ్వు సగమే ఇచ్చినవు గద."

సునీతకు మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు పోయింది. "చిన్నాయన, ఖాళీగ ఉన్నదంటె ఆడ తవ్వలేదని. ఏమున్నదో మాకు తెల్వదని."

"మా కాడ ఖాళీ అంటె గట్ల గాదు బిడ్డా" అన్నాడు నెమ్మదిగా.

సునీత కట్టమ్మ సంగతి కూడా చెప్పింది. తను గీసిన గీత దారాల మీద తప్ప మనుషుల మీద పడుతుందని అతనెప్పుడూ అనుకోలేదు. దర్రీలో తప్పు పడితే ఒక వరస విప్పి మళ్లీ నేస్తారు. ఆ లెక్కనే, "జల్ది తీసేయుండ్రి దాన్ని" అన్నాడు శ్యాంసుందర్‌తో. శ్యాంసుందర్ తీసేశాడు. పొద్దుగూకేసరికి రెండో గోరి లేదు.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మర్నాడు బడిలో పిల్లలు పాఠం తెరిచి చూస్తే గెట్టు అవతల ఏమీ లేదు. ఆ కబురు విన్న వెంకట్రాజం ఊరి నడుమ నిలబడి ఒక్కటే ప్రశ్న వేశాడు. "మొన్న ఉన్న గోరి ఇయ్యాల యాడికి పోయింది?"

ఆ ప్రశ్నకు ఊరే జవాబు చెప్పేసుకుంది. అందులో బంగారం ఉండి ఉంటుంది. తవ్వుకుపోదామని పెద్దోళ్లు దాన్ని దాచిపెడుతున్నారు. లేకపోతే ఎందుకు చెరిపేస్తారు? తెర మీద కనపడ్డదాన్ని మనవాళ్లు కళ్లతో చూసినదానికంటే గట్టిగా నమ్ముతారు. అక్కణ్నుంచి మాయమైతే ఇంకా గట్టిగా నమ్ముతారు. ఒకరిద్దరు చీకట్లో పారలతో ఆ పక్క తిరిగారని కూడా చెప్పుకున్నారు. కట్టమ్మ గుడిసె ముందు ఇటుకలు దింపాల్సిన లారీ ఇక రానేలేదు.

పండరికి ఆ రోజు అన్నం సహించలేదు. తెల్లారి సునీత స్కూటీ వెనక కూర్చుని ధర్మసాగర్ దారి పట్టాడు.

కట్టమ్మ గుడిసె ముందు చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. పొడుగ్గా, బక్కగా, మాట తక్కువ మనిషి. పండరి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఆ గోరి నేను గీసింది. తప్పు నాది."

కట్టమ్మ తలెత్తి చూసింది. "నువ్వేనా? బడి కిటికిల నుంచి సూసిన. కుండలు మంచిగ గీసినవు."

తిట్టి ఉంటే పండరికి కాస్త నయంగా ఉండేది. దారి పొడుగునా ఆమె తిట్లకు సిద్ధపడి వచ్చాడు.

ఆ సాయంత్రం బడి వదిలాక నిర్మల గది తెరిచి ఉంచింది. ఊళ్లో సగం మంది వచ్చారు. వెంకట్రాజం ముందు వరసలో కూర్చున్నాడు. తీసేసిన బొమ్మను సునీత కావాలనే మళ్లీ పెట్టించింది. దానికి శ్యాంసుందర్ చేత కొత్త పని ఒకటి చేయించింది. ఆ ఉపాయం పండరిదే. చెరిపేస్తే దాచారంటారు, కాబట్టి దాచకుండా మడత పెట్టి చూపిద్దామన్నాడు. నడుమ గీతను వేలితో పట్టి లాగితే, అటు సగం లేచి, దర్రీ మడత పెట్టినట్టు ఇటు సగం మీదికి వచ్చి పడుతుంది.

"ఇది దర్రీ గ్రాఫు పద్ధతి" అని పండరి మొదలుపెట్టాడు. అంతమంది ముందు మాట్లాడటం అతనికి కొత్త. "మేం సగమే గీత్తం. ఖాళీ ఉన్న కాడ ఇటుదే అటు తిప్పుతం. సునీత ఇచ్చిన కాయితంల ఖాళీ సూసి నేను గట్లనే అనుకున్న. ఇటు గోరి నిజం. అటుది నేను తిప్పింది. కావాల్నంటె మీరే మడత పెట్టి సూడుండ్రి."

వెంకట్రాజం లేచాడు. నమ్మడానికి లేవలేదు, అబద్ధం పట్టుకోవడానికి లేచాడు. తెర మీద వేలు పెట్టి లాగాడు. అటు కుండ వచ్చి ఇటు కుండ మీద కూర్చుంది. విరిగిన అంచు విరిగిన అంచు మీద పడింది. అటు బండ వచ్చి ఇటు బండ మీద పడింది. వెంకట్రాజం దగ్గరికి వంగి ఆ పగులు చూశాడు. విప్పి మళ్లీ మడిచాడు. ఇంకోసారి మడిచాడు.

"రెండు బండలు ఒక్క తీరుగ పగలయి" అన్నాడు చివరికి. బతుకంతా రాళ్లతో గడిపిన మనిషి, ఆ మాట తనకు తనే చెప్పుకున్నాడు. వెనకున్నవాళ్లు కూడా వచ్చి ఒక్కొక్కరూ మడిచి చూశారు. గది తేలికపడింది. ఎవరో నవ్వారు కూడా. కాగితం మిగుల్చుకోబోయి పీనుగును పుట్టించిండు అన్నారు.

అప్పుడు వెంకట్రాజం మళ్లీ అడిగాడు. "సరె. అది నువ్వు గీసిందే, ఒప్పుకున్న. మరి అసలుకు ఆడ ఏమున్నది?"

అందరూ పండరినే చూశారు. కట్టమ్మ కూడా చూసింది. ఏమీ లేదు అంటే అయిపోతుంది. ఆ రెండు మాటలు అతని నాలుక చివరకు వచ్చాయి. పొద్దున్నే ముగ్గు పడుతుంది, ఇటుకలు దిగుతాయి, తను చేసిన చెడు తనే చెరిపేసినట్టవుతుంది. ఆమె ఇల్లు ఆమెకు దక్కుతుంది. ఎంత తేలిక. కానీ చూడనిదాన్ని ఉందని గీసింది ఒక తప్పయితే, చూడనిదాన్ని లేదని చెప్పడం రెండో తప్పు. అదీ ఒక బొమ్మ గీయడమే. అతనికి అది ఆ క్షణాన చాలా స్పష్టంగా తెలిసింది, తెలిసినందుకు బాధ కూడా కలిగింది.

"తెల్వదు" అన్నాడు.

"తెల్వదా?"

"నాకు తెల్వదు. సునీతకు తెల్వదు. ఎవ్వలు తవ్వలే."

సునీత మెల్లగా మిగతాది చెప్పింది. పునాది తవ్వేటప్పుడు తాము దగ్గరుంటామని, ఏమీ దొరక్కపోతే అదే రోజు పని సాగించుకోవచ్చని చెప్పింది. దొరికితే మాత్రం అక్కడితో ఆపాలని, అక్కడ ఇల్లు కట్టడం కుదరదని కూడా చెప్పింది. తీపి పూయకుండా చెప్పింది. కట్టమ్మకు వేరే జాగ లేదని గదిలో అందరికీ తెలుసు.

"తెల్వని కాడ గడ్డపార ఎట్ల ఎయ్యమంటరు?" అన్నాడు వెంకట్రాజం. ఈసారి అతని గొంతులో మొండితనం లేదు, భయమే ఉంది.

కట్టమ్మ అప్పుడు నోరు విప్పింది. "కూసుంటె ఎట్ల తెలుస్తది అన్నా? తవ్వితె తెలుస్తది. ఉంటె ఉన్నది, లేకుంటె లేదు. ఈ రెండిట్ల నడుమ నేను వానలు పడేదాంక కూసోలేను."

"మొదటి గడ్డపార నేనేస్త" అన్నాడు పండరి. "ఏదన్న తగిల్తె నాకే తగులుతది. నువ్వు ఫికర్ చెయ్యకు మేస్త్రీ."

మర్నాడు పొద్దున ముగ్గు పోశారు. గెట్టుకు దగ్గరగా ఉన్న వైపే ముందు తవ్వుదామంది సునీత. భయమంతా ఆ వైపే ఉంది గనుక అది ముందు తేలిపోవాలంది. పెన్సిలు తప్ప బరువైనదేదీ ఎత్తని పండరి గడ్డపార ఎత్తాడు. మొదటి దెబ్బకు నేల కనీసం గీసుకుపోలేదు. చూస్తున్నవాళ్లలో ఎవరూ నవ్వలేదు. నాలుగు దెబ్బలు పడ్డాక వెంకట్రాజం చూడలేక, "గట్ల గాదు, ఇట్ల పట్టు" అని దగ్గరికొచ్చి పట్టు చూపించాడు. చూపించినవాడు మళ్లీ వెనక్కి పోలేదు. పక్కనే ఇంకో గడ్డపార పట్టాడు.

తవ్వుతూనే పండరి ప్రతి దెబ్బకూ వంగి మట్టిలోకి చూసేవాడు. తను గీసిన కుండ అతనికి కళ్లకు కట్టినట్టు తెలుసు, విరిగిన అంచుతో సహా. అది ఇప్పుడు నిజంగా మట్టిలోంచి లేస్తే ఏం చేయాలి? తన బొమ్మ నిజమవ్వకూడదని మొక్కుకున్న బొమ్మగీతగాడు అతనొక్కడే అయి ఉంటాడు.

మధ్యాహ్నం అన్నాల వేళకు వెంకట్రాజం గడ్డపార ఠంగుమంది. అతను చెయ్యి కాలినట్టు వదిలేశాడు. అందరూ రెండడుగులు వెనక్కి పోయారు. కట్టమ్మ మాత్రం గట్టు మీద నుంచి కదల్లేదు, చీర కొంగు పిడికిట్లో పట్టుకుని కళ్లు మూసుకుంది. సునీత లోపలికి దిగి, చిన్న తాపీతో మట్టి గీకి, కుంచెతో దులిపింది. తెల్లటి రాయి. ఇంకా గీకింది. దాని కింద మళ్లీ ఎర్ర మొరమే.

"పలుగురాయి. ఈ నేలల పుట్టిందే" అంది. పండరి అక్కడే చతికిలబడ్డాడు. వెంకట్రాజం కోపమంతా ఆ రాయి మీద తీర్చుకున్నాడు.

పొద్దు వాలేసరికి పునాది నాలుగు వైపులా కావాల్సిన లోతు దిగింది. సునీత గోడల్లాంటి మట్టి అంచులను ఒక కొస నుంచి ఇంకో కొస దాకా కూర్చుని చూసింది. ఒకప్పుడు తవ్వి పూడ్చిన మట్టి అయితే రంగు కలిసిపోయి ఉంటుందని, ఇది పుట్టినప్పటి నుంచి ఎవరూ కదిలించని మొరమని పండరికి చూపించింది. అతను కూడా వేలు పెట్టి చూశాడు. ఈసారి చెప్పాల్సింది తనేనని అతనికి అనిపించింది. పైకెక్కి కట్టమ్మ ముందు నిలబడ్డాడు.

"అక్కా, ఏం లేదు. నా కండ్లతోటి సూసిన. కొస నుంచి కొస దాంక మొరమే."

వెంకట్రాజం తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, "రేపు కంకర తెప్పిస్త చెల్లె. వానలకు ముందే స్లాబు ఎక్కిస్త" అన్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కట్టమ్మ భుజం తట్టారు. ఆమె ఇల్లు ఆమెకు దక్కింది. ఆమె నవ్వుతుందనుకున్నాడు పండరి. కట్టమ్మ నవ్వలేదు. గెట్టు అవతల, సునీత వాళ్లు తవ్వి మళ్లీ మట్టి కప్పిన చోటు వైపు చూస్తూ ఉండిపోయింది.

"అయితె గామె ఒక్కతేనా?" అంది.

"ఎవరక్కా?"

"అటు దిక్కు పండుకున్నామె. కొడవలి ఉన్నామె." కట్టమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీ బొమ్మ సూసినప్పుడు నాకు బయమైంది, అబద్ధమెందుకు. ఇల్లు పాయెనని ఏడ్సిన. కని లోపల్లోపల జర మంచిగ గూడ అనిపిచ్చింది. గామెకు పక్క పొంటి ఒక తోడున్నది గద అని. ఇప్పుడు నువ్వు లేదంటాన్నవు. గన్ని వేల ఏండ్ల సంది ఒక్కతే ఉన్నదా పాపం."

పండరికి ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కట్టమ్మ లేచి, తవ్విన పునాది చుట్టూ ఒకసారి నడిచింది. వంటిల్లు ఎటు రావాలని వెంకట్రాజం అడిగాడు. ఆమె గెట్టు వైపు చెయ్యి చూపించింది.

"అటే పెట్టు. నేనుంట తియ్ ఇగ, ఆమె పక్కన" అంది.

వెంకట్రాజం ముగ్గు డబ్బా అందుకుని అటు వైపు గీత గీశాడు.